వేళ్లు అడగని మీట



వేసవి సెలవుల్లో సాయంత్రంపూట పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్ వైపో, బొల్లారం వైపో కార్మికుల కాలనీల్లోకి వెళ్లి చూడండి. అరుగు మీద అరడజను మంది పిల్లలు, వాళ్ల మధ్య రెండు మూడు ఫోన్లు. తెలుగు, హిందీ, ఒడియా కలగాపులగంగా కేకలు. ఒకడు ఆడుతుంటే మిగతావాళ్లు వాడి భుజాల మీంచి తొంగిచూస్తూ సలహాలిస్తుంటారు. అలాంటి గుంపులో, పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉన్న పిల్లాడు ఒకడున్నాడనుకోండి. మాటలు ఇంచుమించు ఇలా నడుస్తాయి.

"అన్నా, నాకొక్క ఆట ఇయ్యవా?"

"నీతోని కాదు రా. నువ్వు చూడు, నేను ఆడతా."

అన్న మాటలో దుర్మార్గమేమీ లేదు. తెరకు ఎడమ పక్క ఒక బొటనవేలితో మనిషిని నడిపించాలి, కుడి పక్క ఇంకో బొటనవేలితో గురిచూసి కాల్చాలి. రెండూ ఒకేసారి జరగాలి. ఉన్న ఒక్క చేత్తో ఫోన్ పట్టుకుంటే ఆడడానికి వేలు మిగలదు. ఫోన్ కింద పెట్టి ఆడితే, నడిపించేటప్పుడు కాల్చలేడు, కాల్చేటప్పుడు కదల్లేడు. ఆట మొదలుకాకముందే వాడు అవుట్.

ఈ పిల్లాడు ఆడగలిగే పరికరాల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. నేను పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేసినవాణ్ణి. కాబట్టి నా మాటల్లో మీకు డాక్టరు కంటే ఎలక్ట్రీషియనే ఎక్కువ వినపడతాడు. ఏమీ అనుకోకండి.

ముందు ఒక లెక్క. పని చేస్తుండగా వేలు పోతే ఎంత నష్టమో మన చట్టం ఎప్పుడో రాసిపెట్టింది. 1923 నాటి నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదనా శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలికి 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికో చిటికెనవేలికో 7. రేకులను అచ్చులతో నొక్కే ప్రెస్ షాపుల్లో పనిచేసేవాళ్లలో ఈ అంకెలు నోటికి వచ్చినవాళ్లున్నారు, ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. వీడియో గేముల కంట్రోలర్ తయారుచేసినవాళ్ల లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. 1997లో సోనీ కంపెనీ డ్యూయల్‌షాక్ తెచ్చినప్పటినుంచి రెండు బొటనవేళ్లకు అటూ ఇటూ కదిపే రెండు పుల్లలు, రెండు చూపుడువేళ్లకు వెనకాల ట్రిగ్గర్లు అన్నది అన్ని కంపెనీలకూ దాదాపు రివాజైపోయింది. అందులో ఒక బొటనవేలు లేకపోతే 30 శాతంతో ఆగదు, చాలా ఆటల్లో మొత్తం పోయినట్టే.

చేతులో వేళ్లో లేకుండా పిల్లలు ఎందుకు పుడతారు? కొందరిలో గర్భంలో ఉమ్మనీటి సంచి లోపలి పొర చీలి, ఆ పోగులు బిడ్డ చేతికో వేళ్లకో చుట్టుకుని ఎదుగుదల ఆపేస్తాయి. ఇంకొందరిలో మొదటి వారాల్లో చెయ్యి మొలక దగ్గరే ఆగిపోతుంది. చాలామంది విషయంలో కారణం ఫలానా అని డాక్టర్లు చెప్పలేరు. కానీ ఇంటి చుట్టుపక్కలవాళ్లు మాత్రం ఇట్టే చెప్పేస్తారు: "గ్రహణం నాడు బయటికి వచ్చినవా? కత్తిపీట పట్టినవా?" బిడ్డను కన్న తల్లికి మొదటి పరామర్శ ఈ ప్రశ్నే. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆకాశవాణిలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఇక పుట్టాక పోగొట్టుకునేవాళ్లు వేరు. డాబా పక్కనుంచి పోయే హైటెన్షన్ తీగ, గడ్డి కోసే మిషన్, చెరుకు రసం మిషన్, ఇలాంటివి కారణం.

ఆ తర్వాత కథ మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. వైకల్యాన్ని కొలిచే సదరం క్యాంపు, శాతం వేయడం, సర్టిఫికెట్, పింఛను. 40 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే దారి తెరుచుకుంటుంది. తర్వాత కృత్రిమ చెయ్యి. ఈ రంగంలో మనవాళ్లేమీ వెనకబడిలేరు. జైపూర్ కాలు 1968లో డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి చేసిందన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. మన హైదరాబాద్‌లోనే మేకర్స్ హైవ్ అనే సంస్థ కల్ఆర్మ్ పేరుతో బ్యాటరీతో పనిచేసే బయోనిక్ చెయ్యి తయారుచేసింది. అయినా పిల్లల దగ్గరికి వచ్చేసరికి కృత్రిమ చేతికి కొన్ని చిక్కులున్నాయి. పిల్లాడు ఎదుగుతాడు, చేతికి తొడిగే గిన్నె ఎదగదు. ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. మే నెల ఎండలో లోపల చెమట పట్టి చర్మం ఒరుసుకుపోతుంది. బరువు సరేసరి. అందుకే పెళ్లికో ఫొటోకో తొడుక్కుని, ఇంటికి రాగానే విప్పి మంచం కింద పడేసే పిల్లలు ఎంతోమంది. వాళ్లకు మోచేతి కొనతోనే పుస్తకం అదిమిపట్టడం, సంచి తగిలించుకోవడం, సైకిల్ తొక్కడం అలవాటే. ఆ కొన కిందే ఒక మీట ఉంటే చాలు కదా అన్నది అసలు ఆలోచన.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1989లోనే జపాన్ కంపెనీ నింటెండో చేతులతో పని లేని కంట్రోలర్ ఒకటి అమ్మింది. ఛాతీకి కట్టుకోవాలి, గడ్డంతో పుల్ల కదపాలి, గొట్టంలోకి ఊది, పీల్చి బటన్లు నొక్కాలి. ఆ తర్వాత చాలాకాలం పెద్ద కంపెనీలు ఈ వైపు చూడలేదు. చూసినవాళ్లు చిన్నవాళ్లే. అమెరికాలో 2004లో ఏబుల్‌గేమర్స్, ఇంగ్లండ్‌లో 2007లో స్పెషల్ఎఫెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థలు పుట్టాయి. గాయపడి వచ్చిన సైనికుల కోసం కంట్రోలర్లను విప్పి, కోసి, మార్చి ఇచ్చే వార్‌ఫైటర్ ఎంగేజ్డ్ అనే సంస్థ ఇంకొకటి. 2014లో ఆ సంస్థ ట్విట్టర్‌లో పెట్టిన ఒక ఫొటో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు కంట పడింది. మరుసటి ఏడాది కంపెనీ హ్యాకథాన్‌లో కొందరు కలిసి నమూనా చేశారు. అది పెరిగి పెద్దదై 2018 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌గా అమ్మకానికి వచ్చింది.

ఇక్కడ తెలుగువాళ్లకు వెంటనే గుర్తొచ్చే పేరు సత్య నాదెళ్ల. 2014 ఫిబ్రవరి నుంచి ఆ కంపెనీ పెద్ద ఆయనే. ఆయన కొడుకు జైన్ 1996లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. 2022 ఫిబ్రవరిలో చనిపోయాడు. కొడుకును పెంచడం తనను ఎలా మార్చిందో నాదెళ్ల 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో రాసుకున్నారు. అలాగని ఈ కంట్రోలర్‌ను ఆ తండ్రి ఖాతాలో వేసేయడం తొందరపాటు. దాన్ని చేసినవాళ్లు కింది స్థాయి ఇంజనీర్లు, వాళ్లకు దారి చూపింది పైన చెప్పిన స్వచ్ఛంద సంస్థలు. అయితే, ఇలాంటి పని తలపెట్టిన ఇంజనీరును 'ఎంతమంది కొంటారయ్యా ఇది?' అని మొదటి రోజే కూర్చోబెట్టేసే పెద్దమనిషి పైన లేకపోవడం కూడా ఒక సాయమే. మన కంపెనీల్లో పనిచేసినవాళ్లకు ఆ తేడా తెలుసు.

ఆ పరికరం ఎలా ఉంటుందో చెబుతాను, కళ్లు మూసుకుని ఊహించుకోండి. అడుగు పొడవు, ఐదంగుళాల వెడల్పు ఉన్న పలుచటి తెల్లని పలక. పైన అరచేతంత నల్లని గుండ్రటి బటన్లు రెండు. పిడికిలితో, మోచేత్తో, మోకాలితో, కాలి మడమతో, దేనితో నొక్కినా పలుకుతాయి. అసలు కిటుకు వెనకాల ఉంది. వెనక అంచు పొడవునా ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే రంధ్రాలు 19 ఉంటాయి. మామూలు కంట్రోలర్‌లో ఎన్ని బటన్లున్నాయో అన్నింటికీ తలా ఒక రంధ్రం. మీకు కావలసిన బటన్ తెచ్చి, కావలసిన రంధ్రంలో గుచ్చి, శరీరంలో ఏ భాగం దగ్గర పెట్టాలో అక్కడ పెట్టుకోవచ్చు. దాని అట్టపెట్టె గురించి కూడా ఒక మాట చెప్పాలి. చేతులు సరిగా లేనివాళ్లు ప్యాకెట్లను పళ్లతో చింపుతారు. ఈ పెట్టెకు ఆ అవసరం రాకూడదని ముందే పట్టుబట్టి, మోచెయ్యి దూర్చి లాగడానికి వీలుగా పెద్ద పెద్ద ఉచ్చులు పెట్టారు. ఇంత దూరం ఆలోచించిన పెట్టెను నేను ఇంకెక్కడా చూడలేదు.

2023 డిసెంబరులో సోనీ కూడా యాక్సెస్ కంట్రోలర్ అని గుండ్రటిది ఒకటి తెచ్చింది. మధ్యలో బటన్లు, వాటికి తొడిగే రకరకాల టోపీలు, పక్కన ఒక పుల్ల. అదీ మంచిదే.

ధర దగ్గరికి వద్దాం. మైక్రోసాఫ్ట్‌ది అమ్మకానికి వచ్చినప్పుడు వంద డాలర్లు, అంటే మన రూపాయల్లో వేల మాట. అది ఉత్త పలక. దానికి గుచ్చే బటన్లు వికలాంగుల పరికరాలు అమ్మే కంపెనీల దగ్గర ఒక్కొక్కటి అరవై డాలర్ల పైమాట. 2019లో లాజిటెక్ కంపెనీ పన్నెండు బటన్ల కిట్టు మొత్తం వంద డాలర్లకే ఇచ్చి కొంత పుణ్యం కట్టుకుంది. అయినా పాశమైలారంలో పన్నెండు గంటల షిఫ్టు చేసే తండ్రి ఇంట్లో ఆ ఎక్స్‌బాక్స్ గేమ్ మిషనే ఉండదు, ఇక కంట్రోలర్ ఎక్కడ? ఉండేది ఒక ఫోన్, అదృష్టం బాగుంటే కార్పొరేట్ ఆఫీసులు తీసేసిన పాత కంప్యూటర్.

సరే, మరి ఆ అరవై డాలర్ల బటన్‌లో ఏముంది? విప్పి చూస్తే ఎలక్ట్రీషియనైనవాడు నవ్వుతాడు. రెండు వైర్లు. నొక్కితే కలుస్తాయి, వదిలితే విడిపోతాయి. చివర ఇయర్‌ఫోన్ పిన్ను. అంతే. కరెంటు కూడా పేరుకే పారుతుంది. వికలాంగ పిల్లల బొమ్మలకు ఈ 3.5 మిల్లీమీటర్ల పిన్ను పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఎవడి సొత్తూ కాదు. మైక్రోసాఫ్ట్ చేసిన తెలివైన పని కొత్త పిన్ను కనిపెట్టకుండా ఉండడం.

ఇక మన వాడ సంగతి. పవర్ ప్రెస్ ఉన్న ఏ షెడ్డుకైనా వెళ్లండి. కాస్త నియమం పాటించే చోటైతే, ప్రెస్ ముందు రెండు పక్కలా పుట్టగొడుగు ఆకారంలో రెండు పెద్ద బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే డై కింద ఉండవు కదా, అదీ రక్షణ. ప్రొడక్షన్ తొందరలో ఒక బటన్‌కు పుల్ల ఇరికించి, ఒక్క చేత్తో నడిపిస్తే ఏమవుతుందో ఆ నష్టపరిహారం పట్టిక చెబుతుంది. నేను చెప్పదలచింది ఆ బటన్ గురించి. దాన్ని అరచేత్తో కొట్టేలా, వేళ్లతో పని లేకుండా, లక్షలసార్లు నొక్కినా చెడకుండా చేశారు. కింద కాంటాక్ట్ బ్లాక్, దానికి రెండు స్క్రూలు. రెండు వైర్లు బిగిస్తే అమెరికా బటన్‌కూ దీనికీ పనిలో తేడా లేదు. ధర వందల్లో ఉంటుంది.

ఒక్క చిక్కుంది. ప్రెస్ బటన్ స్ప్రింగు గట్టిది, పొరపాటున తగిలితే పలకకూడదని అలా పెడతారు. పిల్లల మోచేతి కొన మెత్తగా ఉంటుంది, కొందరికి అక్కడ నొప్పి కూడా. కాబట్టి ఆకారం దాని నుంచి తీసుకుని, లోపల మెత్తగా నొక్కినా పలికే మైక్రో స్విచ్ పెట్టుకోవాలి. మాల్స్‌లో గేమ్ మిషన్లకు ఉండే రంగుల బటన్లలో ఉండేది అదే. కోఠీ గుజరాతీ గల్లీలో బటన్, మైక్రో స్విచ్, పిన్ను, వైరు అన్నీ ఒకే వరసలో దొరుకుతాయి.

కంప్యూటర్‌కు కలపడానికి ఇంకో చిన్న బోర్డు కావాలి. ప్రో మైక్రో అంటారు, బొటనవేలంత ఉంటుంది. దాన్ని యూఎస్‌బీలో గుచ్చితే కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. బటన్ నుంచి ఒక వైరు బోర్డు పిన్‌కు, ఇంకోటి గ్రౌండ్‌కు. బటన్ నొక్కితే స్పేస్ కీ కొట్టినట్టు అని పది పన్నెండు వరసల ప్రోగ్రాం రాస్తే సరిపోతుంది, ఐటీఐ పిల్లలు కూడా చేయగలరు. మొదటిసారి చేసినప్పుడు ఒక తమాషా జరుగుతుంది. నోట్‌ప్యాడ్ తెరిచి, స్పేస్ బదులు ఏదైనా అక్షరం పెట్టి ఒక్కసారి నొక్కి చూడండి. తెర మీద ఆ అక్షరం రెండు మూడుసార్లు పడుతుంది. బటన్ చెడిపోలేదు. లోపలి రేకులు కలిసేటప్పుడు మనకు తెలియనంత వేగంగా ఎగిరెగిరి తాకుతాయి, బోర్డు ప్రతి తాకుడునూ లెక్కపెడుతుంది. మొదటి తాకుడు తర్వాత ఒక ఇరవై మిల్లీసెకన్లు ఏమీ పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో ఒక వరస కలిపితే కుదురుకుంటుంది.

ఒక్క బటన్‌తో ఏం ఆట ఆడతాడని అడగొచ్చు. ఇంటర్నెట్ పోయినప్పుడు క్రోమ్‌లో వచ్చే డైనోసార్ ఆట మీకందరికీ తెలుసు. దానికి స్పేస్ ఒక్కటి ఉంటే ఆట నడుస్తుంది. మొదలు అక్కడ పెట్టండి. తర్వాత రెండు బటన్లు, ఆపైన నాలుగు. కార్ల ఆటలైతే ఇంకా తేలిక. నింటెండో వాళ్ల మారియో కార్ట్ 8 డీలక్స్‌లాంటి వాటిలో యాక్సిలరేటర్ దానంతటదే నడిచేలా పెట్టుకునే సదుపాయం ఉంది, పిల్లాడు స్టీరింగ్ చూసుకుంటే చాలు. ఏ ఆట కొన్నా, డౌన్‌లోడ్ చేసినా ముందు సెట్టింగుల్లోకి వెళ్లి కీలు మార్చుకునే వీలుందో లేదో చూడండి. లేనిదాన్ని వదిలేయండి. వేలితో తాకితే తప్ప కదలని ఫోన్ ఆటలు చాలావాటికి ఈ బటన్ పనికిరాదు, ఆ మాట ముందే చెప్పి పిల్లాడి ఆశ పెంచకుండా ఉండడం మంచిది.

ఇంకో ఉపాయం ఉంది, నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే. ఎక్స్‌బాక్స్‌లో కోపైలట్ అనే సదుపాయం 2017లో పెట్టారు. రెండు కంట్రోలర్లు కలిసి ఒకే ఆటగాణ్ణి నడుపుతాయి. మన పాత కంప్యూటర్‌కు అంత పేరు కూడా అక్కర్లేదు. కీబోర్డు ఒకటి ఉండగా మన బటన్ బోర్డు గుచ్చితే రెండూ పనిచేస్తాయి. అన్న నడిపిస్తాడు, తమ్ముడు కాలుస్తాడు. గెలిచినా ఓడినా తిట్లు ఇద్దరికీ సమానం.

బటన్ ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద పెద్దవాళ్లు చాలా తప్పులు చేస్తారు. తమకు తోచిన చోట బిగించి, ఇలా నొక్కు అలా నొక్కు అని పోరుతారు. స్క్రూ జోలికి పోకముందు బటన్ సైజులో అట్టముక్కలు కోసుకోండి. పిల్లాణ్ణి వాడికి సుఖంగా ఉన్నట్టు కూర్చోబెట్టి, "ఏడ పెట్టమంటవ్ బిడ్డా?" అని అడగండి. ఒకడు మోచేతి కింద అంటాడు, ఒకతె ఎడమ కాలి దగ్గర అంటుంది. ఒకడు గడ్డం కింద పెట్టమని మీ మతి పోగొడతాడు. వాళ్లు చెప్పిన చోటనే పెట్టి, ప్లైవుడ్ ముక్క మీద వెల్క్రోతో అతికించండి, రేపు మార్చమంటే మార్చేలా. కింద జారకుండా రబ్బరు షీటు పరవండి. ఆట వేడెక్కితే పిల్లలు బటన్‌ను నొక్కరు, బాదుతారు.

దీన్ని వైద్యం చేసేయకండని కూడా నా మనవి. ఫిజియోథెరపిస్టులకు ఇలాంటి బటన్ చూడగానే దీనితో రోజుకు వందసార్లు నొక్కిస్తే భుజానికి మంచిదన్న ఆలోచన వస్తుంది. నిజమే కావచ్చు. కానీ లెక్కపెట్టి నొక్కించిన రోజు అది ఆట కాదు, హోంవర్క్. అసలే పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారు, మళ్లీ వీళ్లకు కూడానా అని అడిగేవాళ్లుంటారు. ఇంట్లో మిగతా పిల్లలకు గంట అంటే వీడికీ గంటే. తక్కువ అక్కర్లేదు, జాలిపడి ఎక్కువ ఇవ్వడమూ అక్కర్లేదు.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. దాని 30వ అధికరణంలో వైకల్యం ఉన్న పిల్లలకు మిగతా పిల్లలతో సమానంగా ఆటల్లో పాలుపంచుకునే వీలుండాలని స్పష్టంగా ఉంది. సర్కారు శిబిరాల్లో ట్రైసైకిళ్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు పంచడం మంచి పనే. ఆట బటన్ అడిగితే మాత్రం అక్కడివాళ్లు వింతగా చూస్తారు. అడగండి, చూస్తే చూడనివ్వండి.

మనకు చేయగలిగినవాళ్లు లేక కాదు. కంది దగ్గర ఐఐటీ ఉంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై ఇక్కడికి వచ్చిన సంస్థ, డిజైన్ విభాగం కూడా ఉంది. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్ల నుంచి సర్క్యూట్ బోర్డుల దాకా నమూనాలు చేసుకునే ఏర్పాట్లున్నాయి. మన జిల్లాలో సుల్తాన్‌పూర్‌లు రెండు. పుల్కల్ వైపు ఉన్న సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, అమీన్‌పూర్ మండలం సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన మెడికల్ డివైసెస్ పార్కు. గుండెకు వేసే స్టెంట్లు ఆ పార్కులో తయారవుతున్నాయి. స్టెంటుకు మార్కెట్ ఉంది, మన బటన్‌కు లేదు. అందుకని పార్కు వైపు చూస్తూ కూర్చోమని నేను చెప్పను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులు, మండల కేంద్రంలో వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఒకసారి వెళ్లి అక్కడి పిల్లలతో కూర్చుంటే వాళ్లకో ప్రాజెక్టు, వీళ్లకో బటన్.

కాగితం, పెన్ను దగ్గరున్నవాళ్లు ఈ జాగ్రత్తలు రాసుకోండి. ఫ్యాక్టరీ బటన్లు 230 వోల్టులను తట్టుకునేవే అయినా, ఇంట్లో పిల్లల బటన్‌ను గోడ ప్లగ్గుకు ఏ రూపంలోనూ కలపకూడదు. యూఎస్‌బీ నుంచి వచ్చే ఐదు వోల్టులు దాటొద్దు. కంప్యూటర్‌కు సరైన ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి. ఇంకొకటి, ఇది మన వాడకు ప్రత్యేకం. చవగ్గా వస్తుందని స్క్రాప్ దుకాణాల్లో పాత బటన్లు, ప్యానెల్ పెట్టెలు కొనకండి. అవి ఏ మందుల కంపెనీ నుంచి వచ్చాయో, వాటి మీద ఏ రసాయనం ఎండిపోయి ఉందో ఎవరూ చెప్పలేరు, పిల్లలు ఆ బటన్ మీద గడ్డం ఆనిస్తారు. కొత్తదే కొనండి.